అవతల మనిషి ఉన్న తెర

ఈ పరాయి దేశంలో మా అమ్మాయి పుట్టినప్పుడే ఇంట్లో తెలుగే మాట్లాడాలని నేనూ మా ఆయనా గట్టిగా అనుకున్నాం. కానీ ఇద్దరివీ ఉద్యోగాలే. సాయంత్రం ఇల్లు చేరేసరికి మాట్లాడే ఓపిక ఉండేది కాదు. ఆ లోటు ఇంటర్నెట్ తీరుస్తుందని నమ్మాను. తెలుగు పాటల వీడియోలు పెట్టి టాబ్లెట్ తన ముందు ఉంచేదాన్ని. రెండేళ్ళు నిండేసరికి పాటలన్నీ గడగడా పాడేసేది. ఎంత మురిసిపోయానో!

ఒకరోజు "తలుపు వేసి రామ్మా" అన్నాను. నా ముఖంలోకి చూస్తూ నిలబడిపోయింది. మళ్ళీ అన్నాను. కదలలేదు. రోజూ పాడే పాటల్లో ఒకదానిలో ఆ మాట ఉంది. కానీ ఎదురుగా కనిపిస్తున్న దాన్నే తలుపు అంటారని తనకు తెలియదు. ఎవరూ చూపించి చెప్పలేదు కదా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత దీని గురించి దొరికినదల్లా చదివాను. 2003లో పట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త బృందం అమెరికాలో తొమ్మిది నెలల పిల్లలతో ఒక ప్రయోగం చేసింది. చైనా భాష మాండరిన్ మాట్లాడేవాళ్ళు పిల్లల ఎదురుగా కూర్చుని ఆడించారు, పుస్తకాలు చదివి వినిపించారు. మొత్తం 12 సార్లు, ఒక్కోసారి 25 నిమిషాలు. ఆ పిల్లలు మాండరిన్ శబ్దాల మధ్య తేడా పట్టుకోగలిగారు. అవే మాటలు వీడియోలో మాత్రమే చూసిన పిల్లలకు ఆ తేడా తెలియలేదు. ఇది చదివాక మా అమ్మాయి 'ళ'ని 'ల' అని ఎందుకు పలుకుతోందో అర్థమైనట్టనిపించింది.

అలాగని ఇంటర్నెట్‌ని తిట్టలేను. నేను ఇల్లు వదిలి వచ్చిన కొత్తలో, ముందే డబ్బు కట్టి కొనుక్కునే కాలింగ్ కార్డు మీద నంబరు గోకి ఫోన్ చేసేదాన్ని. ఇంకా ఎన్ని నిమిషాలున్నాయో ముందే వినిపించేది. ఆ టెన్షన్‌లో అమ్మతో "బాగున్నావా, బాగున్నాను" తప్ప మరో మాట సాగేది కాదు. 2016లో వాట్సాప్‌లో వీడియో కాల్స్ వచ్చాక మా ఇంట్లో రోజులు మారిపోయాయి.

మొదట్లో అమ్మకు అలవాటు లేక వీడియో కాల్‌లోనూ ఫోన్ చెవికి ఆనించుకునేది. తెర నిండా చెవే. మా అమ్మాయి దాన్ని వేలితో తాకి ఇంగ్లీషులో "ఇయర్" అంది. "దాన్ని చెవి అంటారు తల్లీ, నీ చెవేదీ?" అంది అవతలి నుంచి అమ్మమ్మ, ఫోన్ ముఖం ముందుకు తెచ్చుకుని. తను తన చెవి పట్టుకుని చూపించింది. "ఆఁ, అదే! మరి కళ్ళు?" ఆ రోజు చెవి, కళ్ళు, ముక్కు అన్నీ వచ్చేశాయి. 'కళ్ళు'లో ళ పలికేదాకా అమ్మ వదల్లేదు. నా నెలల తరబడి వీడియోలు చేయలేని పని అది. అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం కూడా 2016లో, ఏడాదిన్నర లోపు పిల్లలకు తెరలు వద్దంటూనే వీడియో కాల్స్‌ని మినహాయించింది. అది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ చెవే. పాటల వీడియో మా అమ్మాయి వేలు ఎటు చూపించిందో చూడదు. అమ్మమ్మ చూసింది.

ఇప్పుడు తనకు పదేళ్ళు. చిక్కు మరో రూపంలో వచ్చింది. తెలుగు కథ ఒకటి పెట్టుకుంటుంది, అది అయిపోగానే తర్వాతి వీడియో దానంతటదే మొదలవుతుంది. నాలుగో వీడియోకల్లా భాష మారిపోయి ఉంటుంది. చూసేవాళ్ళు లేచి వెళ్ళకుండా ఉంచడమే ఆ ఏర్పాటు పని, మా ఇంటి భాషతో దానికేం సంబంధం? ఆ సెట్టింగ్ ఆపేశాను, ఒక్కోసారి దానంతటదే మళ్ళీ ఆన్ అయి ఉంటుంది. పిల్లనే అని ఏం లాభం! ఊళ్ళో తెల్లవారితే ఇక్కడ మాకు రాత్రి, సరిగ్గా తను బడి కబుర్లు చెప్పే సమయానికే చుట్టాల గ్రూపులో సందేశాలు మొదలవుతాయి. "అమ్మా, వింటున్నావా?" అని తను రెండోసారి అడిగిన రోజు నిజంగా సిగ్గేసింది. ఊరికి దూరమైనందుకు బాధపడుతూ పక్కనున్న పిల్లకు దూరమవుతున్నానే అనిపించింది. అప్పటి నుంచి ఆ గంటసేపు నా ఫోన్ పక్క గదిలో ఉంటుంది.

క్రితంసారి ఊరికి వెళ్ళినప్పుడు, రోజూ అంతలా కబుర్లు చెప్పే పిల్ల అమ్మమ్మను ఎదురుగా చూసి నా వెనక దాక్కుంది. మనిషి తెరలో కంటే పెద్దగా కనిపించిందేమో. దగ్గరకు పిలిస్తే రాలేదు. కాసేపటికి పక్క గదిలోంచి అమ్మ పిలిచింది. ఆ గొంతు వినగానే పరుగెత్తింది.

ఆదివారాలు వాళ్ళిద్దరూ ఇప్పుడు పెద్దగా మాట్లాడుకోరు. ఫోన్‌ని పుస్తకాలకు ఆనించి తను హోంవర్క్ చేసుకుంటుంది. అవతల అమ్మ తన పని తాను చూసుకుంటూ ఉంటుంది. నేను అటూ ఇటూ తిరుగుతూ వింటాను. చాలాసేపు ఏ చప్పుడూ ఉండదు.

"అమ్మమ్మా, ఉన్నావా?"

"ఉన్నానమ్మా. రాసుకో."