బియ్యం కావాలంటే వాన్ లీని అడగండి

మా బాబాయి కొడుకు చైనాలో మెడిసిన్ చదివాడు, హెఫెయ్ అనే ఊళ్లో. అన్‌హుయ్ ప్రావిన్స్‌కి అదే రాజధాని. వెళ్లిన కొత్తలో ఓ రోజు ఫోన్ చేసి, "అన్నయ్యా, ఇక్కడ గవర్నర్ అంటున్నారు, మన రాజ్‌భవన్ గవర్నర్ లాంటివాడేనా? మరి వీళ్లకి ముఖ్యమంత్రి ఎవరు?" అని అడిగాడు. మంచి ప్రశ్న. మన పేపర్లలో కూడా "ఫలానా ప్రావిన్స్ గవర్నర్" అని రాసి వదిలేస్తారు, చదివేవాళ్లకి మన గవర్నరే గుర్తొస్తాడు.

చైనా గవర్నర్‌కి నిజంగానే పనుంటుంది. బడ్జెట్, రోడ్లు, ఆసుపత్రులు, ఫ్యాక్టరీలు అన్నీ ఆయనే చూసుకోవాలి. ఆ లెక్కన మన ముఖ్యమంత్రికి దగ్గర. కానీ ఆయన పైన ఇంకో మనిషి ఉంటాడు, ఆ ప్రావిన్స్ కమ్యూనిస్టు పార్టీ సెక్రటరీ. గవర్నర్ మామూలుగా అదే పార్టీ కమిటీలో డిప్యూటీ సెక్రటరీ, అంటే రెండో మనిషి. వార్తల్లో సెక్రటరీ పేరే ముందు వస్తుంది, ఆఖరి మాట కూడా ఆయనదే. హాంకాంగ్, మకావ్‌లని పక్కన పెడితే ఇలాంటి కుర్చీలు 31: 22 ప్రావిన్సులు, 5 స్వయంప్రతిపత్తి ప్రాంతాలు, బీజింగ్, షాంఘై, తియాన్‌జిన్, చోంగ్‌చింగ్ అనే 4 మహానగరాలు. వాటిలో ఎవరు కూర్చోవాలో బీజింగ్‌లో పార్టీ నిర్ణయిస్తుంది, ఆ ఫైళ్లన్నీ నడిపేది ఆర్గనైజేషన్ డిపార్ట్‌మెంట్ అనే విభాగం. జనం ఓటు ప్రసక్తే లేదు. మన దగ్గర ముఖ్యమంత్రి నచ్చకపోతే ఐదేళ్లకి దింపేస్తాం. అక్కడ సెక్రటరీ మంచివాడైనా చెడ్డవాడైనా కింద ఉన్న కోట్ల మంది చేతిలో ఏమీ లేదు.

తమ్ముడికి ఇంతవరకు చెప్పి ఊరుకోవచ్చు. కానీ వాడు ఉన్నది అన్‌హుయ్‌లో. చైనా నాయకుల గురించి నేను చదివినదంతా చివరికి నన్ను ఆ ప్రావిన్స్ దగ్గరికే తీసుకెళ్తుంది. మాది వరి పండించే ఇల్లు. చిన్నప్పుడు ఎర్రజెండా ఇళ్లల్లో మావో బొమ్మ చూశాను, ఆయన గురించి మాట్లాడుకునే పెద్దవాళ్లనీ చూశాను. కరువుతో చితికిన అన్‌హుయ్‌కి తర్వాత సెక్రటరీగా వచ్చి రైతుకి పొలం తిరిగి ఇప్పించిన వాన్ లీ పేరు మాత్రం ఎవరి నోటా వినలేదు. నాకది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కథ 1958లో మొదలుపెట్టాలి. దేశాన్ని ఒక్క దూకులో ముందుకు తీసుకెళ్తామంటూ గ్రేట్ లీప్ అని మావో ప్రకటించాడు, పొలాలన్నీ కమ్యూన్లలో, అంటే ఉమ్మడి సాగు సంఘాల్లో, కలిపేశారు, వంటిళ్లు మూసి అందరికీ ఒకే చోట భోజనం పెట్టారు. అన్‌హుయ్ సెక్రటరీ జెంగ్ షీషెంగ్, హెనాన్ సెక్రటరీ వూ జీపూ, సిచువాన్ సెక్రటరీ లీ జింగ్‌చ్వాన్ మావో మెప్పు కోసం పోటీపడి దిగుబడులు పెంచి చెప్పారు. కాగితం మీద పండిన ధాన్యంలోంచి ప్రభుత్వం తన వాటా పట్టుకుపోతే గింజలు మిగల్లేదు. 1959 నుంచి 61 దాకా చైనా మొత్తంలో ఆకలితో పోయినవాళ్లు కోటిన్నర నుంచి నాలుగున్నర కోట్ల దాకా అని రకరకాల లెక్కలున్నాయి. జనాభాతో పోలిస్తే అందరికంటే ఎక్కువ పోయింది అన్‌హుయ్ వాళ్లు. సంఖ్యలో ఎక్కువ పోయింది సిచువాన్ వాళ్లు, చాలా అంచనాల్లో 80 లక్షల నుంచి కోటి దాకా. ఆదేశం బీజింగ్ నుంచి అన్ని ప్రావిన్సులకీ ఒకటే వచ్చింది. చావులు మాత్రం ఒక్కో చోట ఒక్కోలా ఉన్నాయి. ఈ తేడాకి కారణాల్లో పెద్దది ఆ కుర్చీలో ఉన్న మనిషే అని నేను నమ్ముతాను. సిచువాన్ ఆకలితో పోతుంటే లీ జింగ్‌చ్వాన్ బయటి ప్రావిన్సులకి ధాన్యం పంపిస్తూనే ఉన్నాడు. ఆయన కుర్చీ ఊడకపోగా నైరుతి ప్రాంతం మొత్తానికి పార్టీ పెద్ద అయ్యాడు. ఇది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

జెంగ్ షీషెంగ్ సంగతి ఇంకా విచిత్రం. అంతమంది చావుకి కారణమైన మనిషే 1961లో కళ్లు తెరిచి, పొలాన్ని ఇళ్లవారీగా అప్పగించి, నీ బాధ్యత నువ్వు చూసుకో, వాటా కట్టి మిగిలింది తిను అనే పద్ధతి తెచ్చాడు. ఊళ్లు ఊపిరి పీల్చుకున్నాయి. 1962 మొదట్లో ఆయన్ని తీసేశారు. ఆ తర్వాత ఆ పద్ధతిని పెట్టుబడిదారీ దారి అని తిట్టి పొలాలన్నీ వెనక్కి తీసుకున్నారు. ఆకలి మళ్లీ మామూలైపోయింది.

పదిహేనేళ్ల తర్వాత, 1977 జూన్‌లో, అదే కుర్చీలోకి వాన్ లీ వచ్చాడు. ఒకప్పుడు బీజింగ్ డిప్యూటీ మేయర్, తియానన్‌మెన్ పక్కన ఉండే గ్రేట్ హాల్ కట్టే పని చూసినవాడు, తర్వాత రైల్వే మంత్రి. వ్యవసాయం తెలిసినవాడు కాదు. ఆయన చేసిన మొదటి మంచి పని తిరగడం. చెప్పాపెట్టకుండా ఊళ్లమీద పడ్డాడు. జిన్‌జాయ్ అని కొండ ప్రాంతం ఉంది, విప్లవం రోజుల్లో ఎర్రసేనకి వేలమంది కొడుకుల్ని ఇచ్చిన నేల. అక్కడ ఓ గుడిసెలోకి వెళ్తే ఒక ముసలాయన పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నాడు. వచ్చింది ప్రావిన్స్ పెద్ద అని పక్కవాళ్లు చెప్పినా లేవడు. ఎందుకు లేవట్లేదని చూస్తే ఒంటిమీద ప్యాంటు లేదు. ఇంకో ఇంట్లో పిల్లలు చలికి తట్టుకోలేక, వంటయ్యాక వేడి మిగిలి ఉంటుందని, పొయ్యి గుంటలో ఒదిగి కూర్చున్నారు. బట్టల్లేవు వాళ్లకి కూడా. వాన్ లీ కళ్లనీళ్లు పెట్టుకున్నాడని, దాదాపు ముప్పై ఏళ్లుగా అధికారంలో ఉండి వీళ్లకి ప్యాంటు కూడా ఇవ్వలేకపోయామని కుమిలిపోయాడని అంటారు. ఈ సంగతి నేను ఎన్నిసార్లు చదివినా ఆ పొయ్యి దగ్గరే ఆగిపోతాను.

1978లో అన్‌హుయ్‌లో కరువొచ్చింది. కమ్యూన్ దున్నలేని బీడు భూమిని ఎవరికి వాళ్లు అప్పుగా తీసుకుని గోధుమ వేసుకోండని వాన్ లీ అన్నాడు. సరిగ్గా అప్పుడే ఫెంగ్‌యాంగ్ జిల్లాలో, పంట పోయినప్పుడల్లా జనం డోలు పట్టుకుని పొరుగూళ్లకి అడుక్కోవడానికి పోయే చోట, షియావోగాంగ్ అనే చిన్న పల్లెలో 18 కుటుంబాల వాళ్లు రాత్రిపూట ఒక మట్టింట్లో చేరి ఒక కాగితం రాసుకున్నారు. పొలం ఇళ్లవారీగా పంచుకుంటాం, ప్రభుత్వ వాటా కడతాం, ఇకమీద ప్రభుత్వాన్ని చేయి చాచి అడగం. ఈ పని వల్ల మా నాయకులు జైలుకి పోయినా, తల పోగొట్టుకున్నా వాళ్ల పిల్లల్ని పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా మేమంతా కలిసి పెంచుతాం. కింద ఎర్ర సిరాతో వేలిముద్రలు. పొలం దున్నుకోవడానికి మనుషులు వీలునామా లాంటి కాగితం రాసుకోవాల్సి వచ్చింది.

ఈ కథని అందరూ ఇక్కడే ఆపేస్తారు. నాకు మాత్రం ఆ తర్వాత జరిగిందే ముఖ్యం. రహస్యం ఎన్నాళ్లు దాగుతుంది, జిల్లా సెక్రటరీకి తెలిసింది. ఆయన పోలీసుల్ని పిలిస్తే అంతే సంగతులు. పిలవలేదు, వీళ్లసలే అంత పేదవాళ్లు, చూద్దాం అన్నాడు. ఆయన పైన ప్రిఫెక్చర్ (కొన్ని జిల్లాలు కలిసిన ప్రాంతం) సెక్రటరీ, ఆయనా ఆపలేదు. 1979 మార్చి 15న బీజింగ్‌లో పీపుల్స్ డైలీ మొదటి పేజీలో, పొలాలు చిన్న గుంపులకి ఇవ్వడం తప్పంటూ ఒక పాఠకుడి ఉత్తరం వేశారు. అప్పట్లో పీపుల్స్ డైలీలో వచ్చిందంటే అది పార్టీ మాటే. కింద ఉన్న అధికారులకి ఒకటే టెన్షన్, రైతులు నాట్లు ఆపేశారు. వాన్ లీ కారెక్కి ఆ ప్రాంతానికి వెళ్లి, పేపరు పొలం దున్నదు, పేపరు ధాన్యం పండించదు, కోతల తర్వాత తిండి లేకపోతే జనం వచ్చేది మన దగ్గరికే, మీరు పట్టించుకోకండి అని చెప్పొచ్చాడు. ఆ ఏడాది షియావోగాంగ్‌లో 66 టన్నుల ధాన్యం పండింది, 1966 నుంచి 70 దాకా ఐదేళ్లలో పండినంత. 1980 జనవరిలో ఆయనే ఆ పల్లెకి వచ్చాడు. కిందివాళ్లు మీకు 3 ఏళ్లకి అనుమతిస్తే నేను 5 ఏళ్లకి ఇస్తున్నా అన్నాడట.

సిచువాన్‌లో అదే సమయంలో జావో జీయాంగ్ ఉన్నాడు. 1966లో మావో మొదలుపెట్టిన సాంస్కృతిక విప్లవం రోజుల్లో గ్వాంగ్‌డాంగ్ సెక్రటరీగా ఉంటే, రెడ్‌గార్డులనే మావో కుర్రకారు టోపీ పెట్టి వీధుల్లో తిప్పి అవమానించారు, కొన్నేళ్లు హునాన్‌లో ఫ్యాక్టరీ కార్మికుడిగా పనిచేశాడు. 1975లో సిచువాన్‌కి వేశారు. దాదాపు 10 కోట్ల జనాభా, కరువు గాయం మానని ప్రావిన్స్. ఆయన కూడా పొలాల మీద పట్టు సడలించాడు, 1978 చివర్లో ఆరు ఫ్యాక్టరీలకి లాభంలో కొంత వాళ్లే ఉంచుకునే వీలిచ్చాడు. జనంలో ఒక మాట పుట్టింది: "తిండిగింజలు కావాలంటే జీయాంగ్‌ని అడగండి, బియ్యం కావాలంటే వాన్ లీని అడగండి". చైనీస్‌లో గింజల్ని లియాంగ్ అంటారు, బియ్యాన్ని మీ అంటారు. లియాంగ్–జీయాంగ్, మీ–లీ, అలా ప్రాస కుదిరింది. ఓట్లు లేని దేశంలో జనం ఒక నాయకుడికి ఇచ్చుకోగలిగిన సర్టిఫికెట్ అదొక్కటే. 1980లో ఇద్దరూ బీజింగ్ వెళ్లారు, జావో ప్రధాని, వాన్ లీ ఉపప్రధాని.

ఈ ఇళ్లవారీ సాగుకి సెక్రటరీలంతా ఒప్పుకున్నారని కాదు. 1980 సెప్టెంబర్‌లో ప్రావిన్సుల మొదటి సెక్రటరీలని పిలిచి మీటింగ్ పెడితే, ట్రాక్టర్లు, పెద్ద పెద్ద కమతాలు ఉన్న హెయ్‌లాంగ్‌జియాంగ్ సెక్రటరీ యాంగ్ యీచెన్, మేం నడిచే రాజమార్గం వదలం అన్నాడు. కొండలు, రాళ్లు తప్ప ఏమీ లేని గ్వేజౌ సెక్రటరీ చీ బీచింగ్ లేచి, మీ రాజమార్గం మీది, మాకున్నది ఒంటిదుంగ వంతెన, మేం దాని మీదే పోతాం అన్నాడు. చైనా పార్టీ మీటింగుల గురించి నేను చదివిన వాటిల్లో నాకు బాగా నచ్చింది ఇదే. ఇద్దరూ కమ్యూనిస్టులే, ఇద్దరూ తమ నేల చూసి మాట్లాడారు. చివరికి ఎవరి పరిస్థితిని బట్టి వాళ్లు అనే తీర్మానమే వచ్చింది. 1984 నాటికి కమ్యూన్లన్నీ పోయాయి.

గ్వాంగ్‌డాంగ్‌లో షీ జోంగ్‌షున్ కూడా అదే కాలంలో, జనం ప్రాణాలకి తెగించి హాంకాంగ్‌కి పారిపోతుంటే, మాకు కొంచెం చెయ్యి వదలండి అని కేంద్రాన్ని అడిగి, హాంకాంగ్ పక్కనే షెన్‌జెన్ ప్రత్యేక ఆర్థిక మండలికి దారి వేశాడు. ఇప్పటి అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ ఆయన కొడుకే. కొడుకు కూడా ప్రావిన్సుల మీదుగానే పైకొచ్చాడు: ఫూజియాన్‌లో 17 ఏళ్లు, జెజియాంగ్‌లో దాదాపు ఐదు, షాంఘైలో కొన్ని నెలలు. ఆయనకి ముందున్న హూ జింటావో గ్వేజౌ, టిబెట్ చేశాడు. ప్రధాని లీ చియాంగ్ జెజియాంగ్, జియాంగ్సు, షాంఘై చేసి, ఒక్కరోజు కూడా ఉపప్రధానిగా లేకుండా 2023లో ప్రధాని అయ్యాడు. 2022లో కోవిడ్ కోసం షాంఘైకి రెండు నెలలు తాళం వేసినప్పుడు అక్కడి సెక్రటరీ ఆయనే. నేను చూస్తున్నంతవరకు మెట్లు అవే ఉన్నాయి కానీ, పార్టీ పేపర్లో వచ్చిన ఉత్తరాన్ని పక్కన పెట్టి పొలంలోకి వెళ్లే సెక్రటరీ ఇప్పుడు కనపడట్లేదు, ఉంటే పైకి రాలేడు. జావో జీయాంగ్‌కే ఏమైందో చూడండి. 1989లో బీజింగ్‌లో ఆందోళన చేస్తున్న విద్యార్థుల మీదికి సైన్యాన్ని పంపడానికి ఒప్పుకోలేదు, పదవి పోయింది, 2005 జనవరిలో చనిపోయేదాకా సొంత ఇంట్లోనే ఖైదీ. కోట్ల మందికి అన్నం పెట్టిన మనిషి.

తమ్ముడికి ఇవన్నీ ముక్కలు ముక్కలుగా చెప్పేవాణ్ని, వాడు వినేవాడో లేదో తెలియదు. 2023 అక్టోబర్ 27న మాజీ ప్రధాని లీ కచియాంగ్ షాంఘైలో గుండెపోటుతో పోయాడు, 68 ఏళ్లు. ఆయన హెఫెయ్ కుర్రాడు. చదువు మానిపించి పల్లెకి పంపిన రోజుల్లో, 1974 నుంచి 78 మొదటిదాకా, ఫెంగ్‌యాంగ్‌లోనే పొలం పనులు చేశాడు, ఆ వేలిముద్రలు పడ్డ జిల్లాలోనే. ఆ కాగితం రాయడానికి కొన్ని నెలల ముందే పెకింగ్ యూనివర్సిటీకి వెళ్లిపోయాడు.

రెండు రోజుల తర్వాత తమ్ముడు వాట్సాప్‌లో ఫొటోలు పంపాడు. హోంగ్‌షింగ్ రోడ్డు 80వ నంబరు, లీ కచియాంగ్ చిన్నప్పుడు ఉన్న ఇల్లు. గోడ పొడవునా చామంతులు, తెలుపూ పసుపూ, నడుము ఎత్తుకి పేర్చి ఉన్నాయి. జనం వరుసలో వస్తున్నారు, పెట్టి వెళ్తున్నారు, ఎవరూ గట్టిగా మాట్లాడట్లేదు అన్నాడు. ఒక గుత్తికి చిన్న కాగితం కట్టి ఉంది. అర్థం ఏమిటని అడిగితే పక్కనున్న ముసలావిడని కనుక్కుని రాశాడు: యాంగ్జీ నది, పసుపు నది వెనక్కి ప్రవహించవు. సంస్కరణలు వెనక్కి పోవని చెబుతూ అంతకుముందు ఏడాది షెన్‌జెన్‌లో లీ కచియాంగ్ అన్న మాట అది. ఆవిడ వయసు డెబ్బై పైనే ఉంటుందన్నాడు. అయితే ఆ కరువు నాటికి ఆవిడ చిన్నపిల్ల.