మీ ఆయనకి స్పెయిన్‌లో ఉద్యోగం వచ్చిందా?

తమ భర్తకి స్పెయిన్‌లో ఉద్యోగం వచ్చిందని తెలియగానే హైదరాబాద్‌లో మా నిజాంపేట వైపు అమ్మాయిలు నన్ను మొదట అడిగేది చలి గురించి. తర్వాత పప్పుల గురించి. చలికి కోటు కొనుక్కోవచ్చు. కందిపప్పు పాకిస్తానీవాళ్ళ కొట్లలో దొరుకుతుంది. కరివేపాకు మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. కానీ వీటికంటే ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది. అక్కడ మీ కాగితాలు ఎవరు చూస్తారు? మీ తరఫున ఎవరు మాట్లాడతారు?

నేను సరగోసాలో కాపురం చేసి వచ్చాను. మాడ్రిడ్‌కీ బార్సిలోనాకీ నడుమ, ఎబ్రో నది ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. మా ఆయనకి ఆఫీసులో ఇంగ్లీషుతో గడిచిపోయేది. ఆయన కాగితాలకి కంపెనీ ఒక మనిషిని పెట్టింది. ఇల్లు, బడి, డాక్టరు, బజారు నా వంతు. ఈ నాలుగు చోట్లా నా ఇంగ్లీషు దాదాపు పనికిరాలేదు. స్పెయిన్‌లో ఉద్యోగానికి వెళ్ళినవాళ్ళకంటే వాళ్ళ వెంట వెళ్ళినవాళ్ళకే రోజువారీ చికాకు ఎక్కువ. ఇది ఎవరూ ముందు చెప్పరు.

మొదటి చికాకు పేరుతోనే. స్పెయిన్‌లో మనిషికి రెండు ఇంటిపేర్లు ఉంటాయి, ఒకటి నాన్న వైపుది, ఒకటి అమ్మ వైపుది. పెళ్ళయినా ఆడవాళ్ళ ఇంటిపేరు మారదు. ఏ ఫారం చూసినా సొంత పేరుకి ఒక గడి, ఇంటిపేర్లకి రెండు గళ్ళు. నా పాస్‌పోర్టులో మా ఆయన ఇంటిపేరే ఉంది. అది చూసి బడిలో ఒకావిడ మేమిద్దరం అన్నాచెల్లెళ్ళమా అని అడిగింది. ఆవిడ తప్పేం లేదు, వాళ్ళ పద్ధతిలో అలాగే అనిపిస్తుంది. కానీ పరాయి ఊళ్ళో, రాని భాషలో, ఈయన నా భర్తేనని కాగితం చూపించాల్సి రావడం నాకు చాలా బాధగా అనిపించింది.

అందుకే పెళ్ళి సర్టిఫికెట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్ ఇక్కడే సిద్ధం చేసుకోండి. రాష్ట్ర ప్రభుత్వ అటెస్టేషన్ అయ్యాక విదేశాంగ శాఖ చేత అపోస్టిల్ వేయించాలి, అంటే కాగితం అసలుదేనని వేరే దేశాలు ఒప్పుకునే ముద్ర. ఒకరి ముద్రని ఒకరు గుర్తించే దేశాల ఒప్పందంలో మన దేశం 2005 నుంచి ఉంది కాబట్టి ఆ ముద్ర స్పెయిన్‌లో చెల్లుతుంది. తర్వాత స్పెయిన్ ప్రభుత్వం గుర్తించిన అనువాదకుల చేత స్పానిష్‌లోకి మార్పించాలి. అక్కడికి వెళ్ళాక గుర్తొస్తే, ఇక్కడ మీ అమ్మానాన్నలు ఎండలో ఆఫీసుల చుట్టూ తిరగాలి.

దిగాక అసలు టెన్షన్ మొదలవుతుంది. ఆరు నెలలకి మించిన గడువుతో వీసా ఉంటే, దేశంలో అడుగుపెట్టిన నెలలోపు రెసిడెన్స్ కార్డుకి దరఖాస్తు చేయాలి. ఫలానా ఇంట్లో ఉంటున్నామని మునిసిపాలిటీలో నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటి అగ్రిమెంటు కావాలి. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళేమో జీతం కాగితాలు, బ్యాంకు ఖాతా అడుగుతారు. ప్రభుత్వ ఆఫీసుల్లో ఈ పనులకి ఆన్‌లైన్‌లో ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. వాళ్ళు దాన్ని 'సీతా ప్రేవియా' అంటారు. అది లేకుండా వెళ్తే గుమ్మం దగ్గరే వెనక్కి పంపేస్తారు. సైటు తెరిస్తే ఖాళీలు లేవని వస్తుంది. మర్నాడూ అదే. ఈ అపాయింట్‌మెంట్లను పట్టేసి డబ్బుకి అమ్ముకునే ముఠాని 2023లో స్పెయిన్ పోలీసులే అరెస్టు చేశారంటే పరిస్థితి అర్థం చేసుకోండి.

మనకి ఇక్కడ ఏ ఆఫీసుకి వెళ్ళినా పక్కనే ఒక జిరాక్స్ షాపు ఉంటుంది. ఏ ఫారం, ఎన్ని ఫొటోలు, ఏ కౌంటరు, అన్నీ ఆ అబ్బాయే చెప్తాడు. అక్కడ అలాంటి మనిషి ఉండడనుకుని నేను చాలా కాలం ఒంటరిగా అవస్థ పడ్డాను. ఉంటారు. 'హెస్తోరియా' అని బోర్డు పెట్టుకున్న ఆఫీసులు ప్రతి పేటలోనూ కనిపిస్తాయి. ఫీజు తీసుకుని ఈ పనులు చేసిపెడతారు. అక్కడివాళ్ళు కూడా పన్నులకీ బండి కాగితాలకీ వాళ్ళ దగ్గరికే వెళ్తారు.

ఇక టైము. లండన్ మీదుగా వెళ్ళే గ్రీనిచ్ రేఖ సరగోసాకి కాస్త తూర్పుగా పోతుంది, బార్సిలోనా వెళ్ళే హైవే మీద దానికి గుర్తుగా ఒక ఆర్చి కూడా కట్టారు. సూర్యుణ్ణి బట్టి చూస్తే అక్కడ లండన్ టైము ఉండాలి. 1940లో అక్కడి నియంత ఫ్రాంకో ప్రభుత్వం గడియారాల్ని గంట ముందుకి జరిపింది, ఇప్పటికీ అదే నడుస్తోంది. వేసవిలో దాని మీద ఇంకో గంట. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నరకి కూడా వెలుగు ఉంటుంది. మధ్యాహ్న భోజనం రెండు దాటాక, రాత్రిది తొమ్మిది దాటాక. మా పాపకి ఏడున్నరకి ఆకలి వేసేది, ఆ వేళకి హోటళ్ళలో వంట మొదలయ్యేది కాదు. పేటలో చిన్న షాపులు రెండింటి నుంచి ఐదింటి దాకా మూసేస్తారు. ఆదివారం సూపర్ మార్కెట్లు కూడా చాలావరకు ఉండవు. ఆగస్టులో అందరూ సెలవుల మీద పోతారు, ఏ పనైనా సెప్టెంబరుకి పోతుంది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఫోన్. చలికాలంలో మనకీ వాళ్ళకీ నాలుగున్నర గంటల తేడా. పాపని బడి నుంచి తెచ్చి, తినిపించి, వంటిల్లు సర్దుకుని కూర్చునేసరికి ఇక్కడ అమ్మ పడుకునేది. మనసులో మాట చెప్పుకోవాలనిపించేది సరిగ్గా అప్పుడే.

శాకాహారులు హోటల్లో మాంసం వద్దంటే సరిపోదు. ట్యూనా చేప వేసిన సలాడ్ తెస్తారు, కూరగాయల మీద హ్యామ్, అంటే పంది మాంసం ముక్కలు చల్లి తెస్తారు. చేప, హ్యామ్ అని పేరుపేరునా చెప్పి వద్దనండి.

మనుషులు మంచివాళ్ళు. లిఫ్టులో ఎక్కిన ప్రతివాళ్ళూ పలకరిస్తారు. పాపకి జ్వరం వస్తే పక్కింటి పెద్దావిడ హెల్త్ సెంటర్‌కి నాతో వచ్చి, నా బదులు తనే మాట్లాడింది. ఆవిడ చేసిన మేలు నేను మర్చిపోలేను. కానీ రూల్స్ వేరు. లాటిన్ అమెరికా దేశాలవాళ్ళు రెండేళ్ళు ఉంటే పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు, మనకి పదేళ్ళు. ఆ దేశాల్లో చాలావాటి డ్రైవింగ్ లైసెన్సుని మార్చి ఇస్తారు, మనది మార్చరు. అక్కడ ఉండి ఆరు నెలలు దాటితే మళ్ళీ పరీక్ష రాయాల్సిందే. పన్నులు అందరం ఒకేలా కట్టేటప్పుడు ఈ తేడా అన్యాయమే.

కాబట్టి భాష ఇక్కడే మొదలుపెట్టండి. తార్నాకలోని ఇఫ్లూలో (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) స్పానిష్ చెప్తారు, ఆన్‌లైన్‌లో నేర్పేవాళ్ళూ ఉన్నారు. డాక్టరుతో, టీచరుతో, ఇంటి ఓనరుతో మాట్లాడగలిగితే చాలు. మీ ఆయన ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే హెచ్‌ఆర్‌ని రెండు అడగమనండి: భార్య కాగితాలు కూడా కంపెనీ మనిషే చూస్తాడా, భాష క్లాసులు ఆవిడకీ పెట్టిస్తారా అని. జవాబు మెయిల్లో తీసుకోండి.