స్టడీ 329 పేపర్ పక్కన ప్రొటోకాల్ పెట్టుకుని చదివితే

మానసిక వైద్యంలో మందుల ట్రయల్ పేపర్ దొరికితే చాలామంది సారాంశంలో చివరి వాక్యం చూసి వదిలేస్తారు. 2001లో వచ్చిన స్టడీ 329లో ఆ వాక్యం ప్రకారం పారోక్సెటిన్ అనే మందు టీనేజీ డిప్రెషన్‌కు పనిచేస్తుంది, పిల్లలు బాగానే తట్టుకుంటారు. అమెరికా, కెనడాల్లో 12–18 ఏళ్ల 275 మంది, ఎనిమిది వారాలు. పారోక్సెటిన్ 93 మందికి, పోలికకు ఇమిప్రమిన్ అనే పాత డిప్రెషన్ మందు 95 మందికి, ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) 87 మందికి. ర్యాండమైజేషన్ (ఎవరికి ఏ మాత్రో చీటీ వేసినట్టు తేల్చడం) ఉంది, డబుల్ బ్లైండ్ (ఏ మాత్రో పేషెంటుకూ డాక్టరుకూ తెలియకుండా ఉంచడం) ఉంది. పైపైన చూస్తే వంక పెట్టడానికి ఏమీ లేదు.

అసలు సంగతి ప్రొటోకాల్‌లో, అంటే ట్రయల్‌కు ముందే రాసుకున్న ప్రణాళికలో ఉంది. ప్రధాన కొలతలు రెండే రాసుకున్నారు: డిప్రెషన్ తీవ్రతను కొలిచే హామిల్టన్ స్కోరు సగటున ఎంత తగ్గింది, స్కోరు 8కి గానీ ఇంకా కిందికి గానీ దిగినవాళ్లో, కనీసం సగం తగ్గినవాళ్లో ఎందరు. రెండింట్లోనూ ప్లాసిబోతో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పేపర్ మాత్రం ముందు అనుకోని కొలతలను ముందుకు తెచ్చింది. లెక్క వేసి చూడండి: అసలేమీ పనిచేయని మందును కూడా ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 కొలతలతో, 0.05 హద్దు (ఒక్కో కొలత కేవలం యాదృచ్ఛికంగా నెగ్గే అవకాశం నూటికి 5) పెట్టి పరీక్షిస్తే కనీసం ఒక్కటైనా నెగ్గే అవకాశం 64 శాతం. అందుకే ముందు ట్రయల్ వివరాలు నమోదయ్యే రిజిస్ట్రీ తెరవాలి. మన దేశంలో ట్రయల్‌ను సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయడం 2009 జూన్ నుంచి తప్పనిసరి. ప్రధాన కొలత మారిందా, మారితే బ్లైండ్ విప్పకముందా తర్వాతా అన్నది తేదీలతో సహా సరిచూడండి.

ఇమిప్రమిన్ గ్రూపు సంగతి మరొకటి. డోసు రోజుకు 200 మి.గ్రా. దాకా, అవసరమైతే 300 దాకా పెంచారు. దుష్ప్రభావాలతో 31.5 శాతం మంది మానేశారు. పారోక్సెటిన్‌లో అది 9.7 శాతమే. పోటీ మందును అంత ఎక్కువ డోసులో ఇస్తే పక్కది మెత్తగా కనిపించక ఏం చేస్తుంది? పైగా నోరెండడం, గుండెదడ వస్తే ఏ మాత్ర మింగుతున్నారో పేషెంటుకూ డాక్టరుకూ తెలిసిపోతుంది, బ్లైండ్ పేరుకే మిగులుతుంది. రెండో వారంలో మానేసినవాళ్ల ఆఖరి స్కోరునే ఎనిమిదో వారానికి లాక్కొస్తే, కోలుకునే వ్యవధి దొరకనివాళ్లు కూడా కోలుకోనివాళ్ల లెక్కలో పడతారు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది కోడింగ్, అంటే దుష్ప్రభావాలను ఏ పేరు కింద వేయాలో తేల్చడం. ఆత్మహత్యకు సంబంధించిన ఘటనలను 'ఎమోషనల్ లాబిలిటీ' (భావోద్వేగాల ఊగిసలాట) అనే మెత్తని పేరు కింద వేశారు. పట్టికలో ఆ పేరు చూసి ఎవరు ఉలిక్కిపడతారు? 2015లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన పునర్విశ్లేషణ సుమారు 77,000 పేజీల కేసు ఫారాల్లో (ఒక్కో పేషెంటు వివరాలు రాసిన ఫారాలు) మూడోవంతు మందివి తిరగేసింది. పారోక్సెటిన్ ప్లాసిబో కన్నా మెరుగు కాదని, హాని మాత్రం పెరిగిందని తేల్చింది.