ఉయెనో సందులో ఉప్పు చేప, మా ఆయన కారప్పొడి

టోక్యోలో పదమూడు రోజులు ఉన్నాం, దాదాపు రోజూ వంట నేనే చేశాను. ఈ మాట చెబితే మా స్కూల్లో టీచర్లందరూ నవ్వారు, అంత దూరం పోయి పప్పుచారు కాచుకొని వచ్చావా అని. ఏం చేయాలి మరి, మా ఆయనతో ప్రయాణమంటే అట్లాగే ఉంటుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ముప్పై ఏళ్లుగా మిర్చి అడ్తి, అంటే కమీషన్ కొట్టు, నడుపుతున్న మనిషి, కారం తగలని ముద్ద ఆయన లెక్కలో ముద్దే కాదు. మిర్చి సీజన్ మొదలైతే ఇల్లు కూడా గుర్తుండదు కాబట్టి నవంబర్‌లోనే బయలుదేరాం. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్, అక్కడి నుంచి శంషాబాద్, బ్యాంకాక్‌లో విమానం మారి టోక్యో. సూట్‌కేసుల్లో బట్టలకన్నా సకినాలు, కారప్పొడి, మామిడికాయ తొక్కు ఎక్కువున్నాయి.

మా అబ్బాయి ఉండేది నిషికసాయిలో. టోక్యోలో మనదేశం వాళ్లు ఎక్కువగా ఉండే పేట అది, కందిపప్పూ కరివేపాకూ నడిచిపోయేంత దూరంలో దొరుకుతాయి, అందుకే నా వంటకు అడ్డం రాలేదు. మొదటి వారం వాడు ముచ్చటపడి ఒక పెద్ద రెస్టారెంట్‌కు తీసుకుపోయాడు. ఒక్కో ముక్క తెచ్చిపెట్టి, అది ఏ సముద్రంలోదో ఎట్లా కోశారో ఇంగ్లిష్‌లో వివరంగా చెప్పారు. బిల్లు చూశాక ఎవరం ఏం మాట్లాడలేదు. ఇంటికొచ్చాక రాత్రి పదకొండింటికి మా ఆయన అన్నంలో తొక్కు కలుపుకొని తింటుంటే మా వాడి ముఖం చూడాలి, పాపం.

అసలు సంగతి తొమ్మిదో రోజున. మా వాడికి ఆఫీసు, మీరిద్దరే ఉయెనో పోయి రండి అని రైలు కార్డులు చేతిలో పెట్టి పోయాడు. తోజాయ్ లైన్‌లో నిహొంబాషి దాకా పోయి, అక్కడ గింజా లైన్‌కు మారాలి. ఒకసారి తప్పు వైపు ప్లాట్‌ఫారం ఎక్కాం కానీ ఎట్లాగో చేరాం. నేను ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను, ఉయెనోలో సైన్సు మ్యూజియం ఉందంటే వదులుతానా. హచికో అనే కుక్క, చనిపోయిన యజమాని కోసం షిబుయా స్టేషన్ దగ్గర ఏళ్ల తరబడి ఎదురుచూసినది, దాని చర్మంతో చేసిన బొమ్మను అక్కడే పెట్టారు. మా ఆయన దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. డైనోసార్ల దగ్గర అంతసేపు నిలబడలేదు.

బయటికి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. బ్యాగు తెరిచి చూస్తే పులిహోర డబ్బా లేదు. పొద్దున్న కట్టి వంటగట్టు మీదే మరిచిపోయాను. తప్పు పూర్తిగా నాదే, కానీ ఆకలి మీదున్న మనిషికి ఆ మాట చెప్పడం ఎంత టెన్షనో పెళ్లయిన వాళ్లకు తెలుసు. "ఆకలైతాంది, ఏమన్న చూడు" అన్నాడు, అంతే. అరవకుండా అట్లా అన్నాడంటే నిజంగానే ఆకలి.

రైలు పట్టాల కింద అమెయొకో అని బజారు ఉంది, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దొంగబజారుగా మొదలైందట. ఎండుచేపలు, పప్పులు, బూట్లు అన్నీ ఒక్కచోటే, అరుపులూ కేకలూ. టోక్యోలో మా ఆయనకు మొదటిసారి ఊపిరాడినట్టు అనిపించింది అక్కడే, అచ్చం వరంగల్ చౌరస్తా లాగుందే అన్నాడు. అది దాటి పక్క సందుల్లో తిరుగుతుంటే వెలిసిపోయిన నీలం గుడ్డ వేలాడుతున్న ఒక చిన్న కొట్టు కనిపించింది. గుడ్డ బయట వేలాడితే కొట్టు తెరిచి ఉన్నట్టు, లోపలికి తీస్తే మూసినట్టు అని మా వాడు ముందే చెప్పి ఉన్నాడు. మధ్యాహ్నం రెండింటికి చాలా చోట్ల తీసేస్తారని కూడా చెప్పాడు. అప్పటికి ఒకటి ముప్పై అయిదు. అద్దాల అరలో ప్లాస్టిక్‌తో చేసిన నమూనా భోజనాలు నాలుగున్నాయి, ఎండకు రంగు పోయి మా ఫుడ్ చార్టుల లాగా అయ్యాయి, కానీ అందులో ఒకటి చేప అని పోల్చుకోవచ్చు. అది చాలు. ఆయన బీఫ్, పోర్క్ ముట్టడు. నేనూ అంతే.

తలుపు పక్కకు జరిపితే లోపల తొమ్మిది స్టూళ్లు, ఒక పొడుగాటి బల్ల, బల్లకు అవతల పొయ్యి. మన ఆటోలు రెండు పక్కపక్కన పెడితే నిండిపోయేంత వెడల్పు. పొయ్యి దగ్గర ఒక ముసలాయన, వడ్డించడానికి ఒక పెద్దావిడ, భార్యాభర్తలే అనుకుంటా. ఇద్దరూ ఒకేసారి "ఇరాషాయ్‌మాసే" అని గట్టిగా అన్నారు. మా ఆయన గాబరాపడి చేతులు జోడించాడు.

ఆర్డర్ మనిషికి చెప్పేది లేదు. తలుపు పక్కన ఒక పాత మిషన్, దాని మీద వరసలు వరసలుగా బటన్లు, అన్నీ జపనీస్‌లో. డబ్బులు పెట్టి బటన్ నొక్కితే చీటీ వస్తుంది, ఆ చీటీ ఆవిడకిస్తే భోజనం వస్తుంది. ఫోన్ కెమెరా పెట్టి తెలుగులోకి మార్చి చూస్తే మొదటి బటన్ మీద "తల్లీబిడ్డల గిన్నె, 780 యెన్లు" అని వచ్చింది. మా ఆయన ఒకడుగు వెనక్కి వేశాడు. "ఏందే ఇది, మనుషులను తింటరా ఏంది?" కోడీ కోడిగుడ్డూ కలిపి అన్నం మీద వేసే వంటకానికి వాళ్లు పెట్టుకున్న పేరది, ఒయకోదోన్. ఒకే గిన్నెలో తల్లీ బిడ్డా. సాయంత్రం మా వాడు చెప్పేదాకా మాకు తెలియదు, అప్పటికి మాత్రం ఆ బటన్ జోలికి పోలేదు.

చేప బటన్ దొరికింది. వెయ్యి యెన్ల నోటు పెట్టాను. మిషన్ మింగి మళ్లీ కక్కింది. తిప్పి పెట్టాను, మళ్లీ కక్కింది. 2024 జూలైలో వచ్చిన కొత్త నోటు అది, మిషన్ పాతది, మార్పించుకోవడానికి చాలా ఖర్చట, చిన్న కొట్ల వాళ్లు కొందరు అట్లాగే నెట్టుకొస్తున్నారు. వెనక నుంచి మా ఆయన, "2016ల మన ఏటీఎంలు గూడ గిట్లనే చేసినయ్ కదనే" అన్నాడు. నిజమే, కొత్త రెండువేల నోటు వాటిలో పట్టక ఎన్ని రోజులు లైన్లు కట్టామో. మా వెనక కోటు వేసుకున్న ఒకాయన నిలబడి ఉన్నాడు, లంచ్ టైం అయిపోతున్నా విసుక్కోలేదు. పర్సులోంచి పాత నోట్లు రెండు తీసి నా చేతిలో పెట్టి, నా కొత్త నోట్లు రెండు తీసుకొని, తల వంచి నవ్వాడు. అంతే, మాటలేం లేవు.

నాకు అక్కడ ఒక పిచ్చి ఆనందం. కొత్త వెయ్యి నోటు మీద ఉన్నది కితాసాతో షిబాసాబురో, ధనుర్వాతం క్రిమిని విడిగా పెంచి చూపించినాయన. పాత నోటు మీద ఉన్నది నొగుచి హిదేయో, పచ్చజ్వరం మీద పరిశోధన చేస్తూ అదే జ్వరంతో 1928లో ఆఫ్రికాలో చనిపోయాడు. వాళ్ల వెయ్యి నోటు మీద ఒక సూక్ష్మజీవుల శాస్త్రవేత్త పోతే ఇంకొకరు వచ్చారు! ఈ మాట ఎవరికైనా చెప్పాలని నోరు దురదపెట్టింది. పక్కన చూస్తే మా ఆయన పొయ్యి మీద చేపను చూస్తున్నాడు.

ఉప్పు చేప భోజనం 850 యెన్లు, అంటే మన దగ్గర దాదాపు 500 రూపాయలు. హనుమకొండలో ఆ డబ్బుతో నలుగురు మెస్‌లో కడుపునిండా తినొచ్చని ఆయన లెక్కగట్టాడు, గట్టాక ఊరుకున్నాడు. టోక్యోలో ఇది చవకే, ఒక గిన్నె రామెన్ నూడుల్స్ వెయ్యి దాటితేనే అక్కడి జనం గొణుగుతారట. పన్ను అందులోనే, టిప్ అనేది లేనే లేదు, మంచినీళ్లూ వేడి టీ ఊరికే.

పళ్లెం వచ్చింది. ఒక గిన్నెలో అన్నం, ఒక గిన్నెలో మిసో సూపు, చిన్న సాసర్‌లో పసుపు రంగు ముల్లంగి ముక్కలు, పొడుగాటి పింగాణీలో చేప సగభాగం, పక్కన తురిమిన పచ్చి ముల్లంగి చిన్న కుప్ప. అంతే. చేపకు ఉప్పు తప్ప ఇంకేమీ లేదు. పసుపు లేదు, అల్లం వెల్లుల్లి లేదు, చింతపండు అసలే లేదు. చెరువు చేప రవ్వ, బొచ్చె, కొర్రమీను పులుసు తిని పెరిగిన మాకు ఇది సగం వంటలాగా కనిపించింది. కానీ తోలు నిప్పుల మీద బుడగలు వచ్చి కరకరలాడుతోంది, కింద కండలోంచి కొవ్వు కారుతోంది. సాబా అంటారు దీన్ని, మన కోస్తా వాళ్ల కానగంతలకు చుట్టం, కాకపోతే కొవ్వు చాలా ఎక్కువ. ఆ కొవ్వుకు విరుగుడు ఆ పచ్చి ముల్లంగి తురుము, దాని మీద రెండు చుక్కలు సోయా సాస్ వేసుకొని చేపతో కలిపి నోట్లో పెట్టుకోవాలి. పక్క స్టూలు ఆయన్ను చూసి నేర్చుకున్నాను.

మిసో సూపు నాకు నచ్చింది. సోయా గింజలకు అన్నం మీద పెంచిన బూజు పట్టించి నెలల తరబడి పులియబెట్టిన ముద్ద అది. ఆదిలాబాద్ వైపు పోతే ఎకరాలకు ఎకరాలు సోయా చేలే, మనం మాత్రం దాన్ని నూనె మిల్లుకు పంపి మీల్‌మేకర్ తెచ్చుకుంటాం. రెండు చెంచాల పచ్చిపులుసు తాగినట్టు గొంతు తెరుచుకుంది, పులుపు మాత్రం లేదు.

ఇక మా ఆయన. చాప్‌స్టిక్ పుల్లలతో అన్నం తీయబోయాడు, ఆ బియ్యం ముద్దముద్దగా అతుక్కుంటుంది కాబట్టి మన సోనా మసూరి కన్నా నయమే, వచ్చింది. రెండు ముద్దలు తిన్నాడు. చప్పగా ముఖం పెట్టాడు. నా చేతిసంచి వైపు చూశాడు. నేను కళ్లతో వద్దన్నాను, ఆయన వినలేదు. రెండు చేతులూ ఖాళీ కావాలని పుల్లలు రెండూ అన్నంలో నిలువునా గుచ్చి, నా సంచిలోంచి కారప్పొడి పొట్లం తీశాడు.

పెద్దావిడ బల్ల అవతల నుంచి చెయ్యి చాచి, ఏమీ అనకుండా ఆ పుల్లలు తీసి గిన్నె ముందు అడ్డంగా పెట్టింది. కోపం లేదు, చిన్నపిల్లాడి చొక్కా గుండీ సరిచేసినట్టు చేసింది. ఎందుకో మాకు అర్థం కాలేదు.

పొట్లం విప్పగానే ఘాటు లేచింది. తేజ మిర్చి, వెల్లుల్లి, జీలకర్ర, రోట్లో దంచింది. నోట్లు మార్చిన కోటు ఆయన రెండు తుమ్ములు తుమ్మాడు. నాకు భూమి చీలితే బాగుండనిపించింది. పెద్దావిడ వంగి పొట్లంలోకి చూసి, ఏదో గుర్తొచ్చినట్టు ఒక చిన్న డబ్బా తెచ్చి మా ఆయన ముందు పెట్టింది. షిచిమి అంది. ఏడు రకాల పొడి అని దాని అర్థం, మిరప, నువ్వులు, ఆరెంజి తొక్క, సముద్రపు నాచు లాంటివి కలుపుతారు.

అప్పుడు చూడాలి మా ఆయన్ను. తొమ్మిది రోజుల నుంచి ఆ ఊళ్లో ఏదీ ఆయనకు తెలిసిన వస్తువు కాదు, ఇది మాత్రం ఆయన వస్తువు. అరచేతిలో వేసుకున్నాడు, బొటనవేలితో రాశాడు, కిటికీ వెలుతురు వైపు తిప్పి చూశాడు, వాసన చూశాడు, చివరికి నాలిక మీద వేసుకున్నాడు. అడ్తిలో బస్తాలోంచి పిడికెడు తీసి ధర చెప్పే ముందు చేసే పని మొత్తం చేశాడు. "రంగున్నది, ఘాటు లేదు. మన చపాటా తీరు." వరంగల్ చపాటా మిర్చికి 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన సంగతి మీకు తెలిసే ఉంటుంది, రంగుకు చపాటా ఘాటుకు తేజ అనేది మార్కెట్ లెక్క. కాసేపాగి, "నాలికె మీద జివ్వుమంటాంది, అది మిరప కాదు" అన్నాడు. కరెక్టే, అది సన్షో, నిమ్మ కుటుంబంలోని చెట్టు కాయ.

తర్వాత పొట్లం చింపి సగం కారప్పొడి ఒక కాగితంలో పోసి ఆవిడకిచ్చాడు. ఆవిడ పుల్ల కొసతో అద్దుకొని నోట్లో పెట్టుకుంది. ముఖం ఎర్రగా అయింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వింది, నీళ్లు తాగింది, మళ్లీ అద్దుకుంది! పొయ్యి దగ్గరి ముసలాయన్ను పిలిచి ఆయన నోట్లో కూడా పెట్టింది. ఆయన దగ్గుతూ బొటనవేలు ఎత్తాడు.

అన్నం మళ్లీ కావాలని మా ఆయన ఖాళీ గిన్నె చూపించాడు, పెట్టింది, డబ్బు అడగలేదు. చేప ముల్లు మాత్రమే మిగిల్చాడు, తోలు కూడా తిన్నాడు. విచిత్రం ఏంటంటే ఆ రెండో గిన్నెలో కారప్పొడి వేసుకోలేదు. బయటికొచ్చాక ఎట్లుంది అని అడిగితే, "ఉప్పు సరిగ్గ వడ్డది" అన్నాడు. ముప్పై రెండేళ్లలో నా వంటకు ఆ మాట ఎన్నిసార్లు వచ్చిందో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

సాయంత్రం మా వాడికి అంతా చెబితే ముందు నవ్వాడు. జపాన్ భోజనాల్లోకి వచ్చే సాబాలో చాలా భాగం నార్వే నుంచి వస్తుందని చెప్పాడు, మా ఆయనకు ఆ వ్యాపారం బాగా నచ్చింది. పుల్లల సంగతి చెప్పగానే మాత్రం నవ్వు ఆపేశాడు. "బాపూ, చనిపోయినోళ్లకు పెట్టే అన్నంలనే పుల్లలు అట్ల నిలవెడ్తరు." పిండం లెక్క అన్నమాట. మా అత్తమ్మ పోయి అప్పటికి ఏడాది కాలేదు. "ముందుగాల చెప్పొద్దారా" అన్నాడు మా ఆయన, ఆ రాత్రి ఇంకేం మాట్లాడలేదు.

రెండు రోజులాగి మళ్లీ పోయాం, ఆయనే పోదామన్నాడు. ఈసారి పాత నోట్లు దాచిపెట్టుకొని పోయాం, తల్లీబిడ్డల గిన్నె కూడా తిన్నాం, కాస్త తియ్యగా ఉంది, నాకంతగా నచ్చలేదు. ఆయన మళ్లీ చేపే. ముద్ద ముద్దకూ పుల్లలు అడ్డంగా, కాంటా సరిచూసినంత జాగ్రత్తగా పెట్టాడు. ఆవిడ చూసింది కానీ చూసినట్టు కనిపించలేదు.

ఇంటికొచ్చాక బొచ్చె చేపకు ఉప్పు రాసి పెనం మీద కాల్చి చూశాను. ఆ కొవ్వు దీనికి లేదు, ముళ్లు మాత్రం దండిగా ఉన్నాయి, సగంలోనే పులుసు పెట్టేశాను. అమెయొకోలో కొన్న షిచిమి డబ్బాను మా ఆయన అడ్తికి తీసుకుపోయి వచ్చినవాళ్లందరికీ చూపించాడు. జపాన్ కారం, ఏడు రకాలు, అని పెద్దగా చెప్పి పాత హమాలీ ఒకాయన అరచేతిలో వేశాడట. ఆయన నాలిక మీద వేసుకొని, ఇంకాస్త వేసుకొని, డబ్బా వైపు జాలిగా చూశాడట.

"తాలు శాన కలిపిన్రు సేటు."