రెండుసార్లే మాట్లాడాను

శుక్రవారం రాత్రి

పొద్దున్న ప్రార్థన బెల్లు కొట్టకముందే ఒక తల్లి టీసీల కోసం వచ్చి మా క్రైస్తవ స్కూలు ఆఫీసులో నా కౌంటర్ దగ్గర నిలబడింది. నాలుగో తరగతి పాప, రెండో తరగతి బాబు, ఇద్దరికీ కావాలంది. కారణం అడిగితే "ఏం లేదు మేడమ్, ఇంటికి దగ్గర్లో చూసుకున్నాం" అంది. ఫారంలో అదే రాశాను. వాళ్ల ఇల్లు మూడేళ్లుగా అక్కడే ఉందని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

సంతకాలన్నీ అయ్యాక గుమ్మం దాకా వెళ్లి ఆగింది. అసలు సంగతి అప్పుడు చెప్పింది. పాప లెక్కల్లో వెనకబడుతోందని డైరీలో టీచర్‌కి రాసిందట. జవాబు లేదు. మళ్లీ రాసింది. టీచర్ సంతకం వచ్చింది గానీ జవాబు రాలేదు. "కోపం ఏం లేదు మేడమ్. మా మాట ఎవరికీ వినబడట్లేదనిపించింది, అంతే."

ఆమె వెళ్లాక టీచర్‌ని పిలిచి అడిగాను, కాస్త గట్టిగానే. ఆవిడ కళ్లలో నీళ్లు. ఆరు వారాలుగా భోజనం బెల్లు తర్వాత ఆ పాపని పక్కన కూర్చోబెట్టుకుని భిన్నాలు చెబుతోందట. ఈ మధ్యే పాపకు పట్టు చిక్కిందట కూడా. మరి తల్లికి ఆ ముక్క చెప్పావా అంటే, "పాప చెప్పే ఉంటుంది అనుకున్నా మేడమ్" అంది. ఏమనాలో తెలియలేదు. పని జరిగింది, కబురే అందలేదు.

టీచర్‌ని తప్పుపట్టే ముందు నా సంగతి చూసుకుందామని వాళ్ల ఫైలు తీశాను. ఆ తల్లితో నేను మాట్లాడింది రెండుసార్లే. పిల్లల్ని చేర్చిన రోజు ఒకసారి, ఇవాళ ఒకసారి. మధ్యలో మేం ఆ ఇంటికి పంపినవన్నీ ఫీజు గడువు, ఫీజు కట్టమని గుర్తుచేయడం, సెలవు, మళ్లీ ఫీజు. చేర్చుకున్న రోజు మాత్రం స్కూలంతా తిప్పి చూపించాను, చాపెల్‌లో, అంటే స్కూలు ప్రార్థన మందిరంలో, కూర్చోబెట్టి ప్రార్థన కూడా చేశాం.

మధ్యాహ్నం మీటింగ్. ప్రిన్సిపాల్ గారు కొత్త అడ్మిషన్ల గురించి మొదలుపెట్టారు. బ్యానర్లు, కరపత్రాలు, ఆదివారం ఆరాధనల్లో ప్రకటనలు. అవి వద్దని నేను అనను. కానీ కాగితం మీద ఒక లెక్క వేసి ఆయన ముందు పెట్టాను. ఒకటో తరగతిలో 100 మంది చేరి, ఏటా నూటికి 90 మంది నిలుస్తున్నారనుకుందాం. వినడానికి బాగానే ఉంటుంది. పదేళ్లు తిరిగేసరికి ఆ వందలో మిగిలేది 35 మంది. అదే ఏటా 95 మంది నిలిస్తే, మిగిలేది 60 మంది. తేడా ఏడాదికి నూటికి అయిదుగురే. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ అయిదుగురు ఎవరో ముందే ఎలా తెలుస్తుంది?" అన్నారు. మంచి ప్రశ్నే.

కొంతవరకు తెలుస్తుంది. కిండర్‌గార్టెన్ అయిపోయినప్పుడు, ప్రైమరీ అయిపోయినప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉంచాలా మార్చాలా అనే చర్చ వస్తుంది. మీటింగులకు వచ్చే తల్లిదండ్రులు ఉన్నట్టుండి రావడం మానేస్తారు. వచ్చే ఏడాది ఫారం తీసుకెళ్లి తిరిగి ఇవ్వరు. ఇవన్నీ మా బల్లల మీదే కనబడతాయి, ఎవరూ కలిపి చూడరు. ఒక ఇల్లు కదిలితే వెళ్లేది ఒక్క బిడ్డ కాదు, చెల్లెలూ తమ్ముడూ కూడా.

మా దగ్గర ఇంకో జబ్బు ఉంది. "మన చర్చి సంఘంవాళ్లే కదా, ఎక్కడికి పోతారులే" అనే ధీమా. వాళ్లూ పోతారు. చెప్పకుండా పోతారు, ఎందుకంటే ఆదివారం మళ్లీ ముఖాలు చూసుకోవాలి. వేరే విశ్వాసం ఉన్న ఇళ్లవాళ్లే నయం, మొహమాటం లేకుండా అడుగుతారు: చాపెల్‌లో ఏం చెబుతారు, మా వాడు పాటలు పాడి తీరాలా అని. అలా అడిగినవాళ్లకు చేర్చేటప్పుడే ఉన్నదున్నట్టు చెబితే తర్వాత గొడవ ఉండదు.

ఎప్పుడో ఒక శిక్షణలో జాయిస్ ఎప్‌స్టీన్ అనే విద్యావేత్త చెప్పిన, స్కూలుకీ తల్లిదండ్రులకీ మధ్య ఆరు రకాల భాగస్వామ్యం గురించి విన్నాను. అందులో ఇంటి దగ్గర చదువూ, నిర్ణయాల్లో తల్లిదండ్రుల పాలూ ఉన్నాయి. మేం మాత్రం వార్షికోత్సవానికి కుర్చీలు సర్దడానికి పిలుస్తాం. టైమ్‌టేబుల్ మార్చేముందు ఒక్కరిని అడిగిన పాపాన పోలేదు.

మా హ్యాండ్‌బుక్ మొదటి పేజీలో బైబిల్‌లోని ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం 7వ వచనం ఉంటుంది. ఎన్నిసార్లు ప్రూఫ్ చూశానో. ఇవాళే సరిగ్గా చదివినట్టుంది. పిల్లలకు నేర్పమని చెప్పింది తల్లిదండ్రులకు. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. అందులో బడి ఊసే లేదు. మేం వాళ్ల పనిలో సాయానికి ఉన్నవాళ్లం, కానీ వాళ్లకు అడ్డంగా గేటు పెట్టాం.

సాయంత్రం అందరూ వెళ్లాక, ఫారం తిరిగి ఇవ్వనివాళ్ల జాబితా తీసి ముగ్గురికి ఫోన్ చేశాను. మొదటి ఇద్దరూ ఎత్తలేదు. మూడో ఆయన ఎత్తగానే, "ఏమైంది మేడమ్, బాబుకి దెబ్బ తగిలిందా?" అన్నాడు. గొంతులో అంత టెన్షన్. స్కూలు నుంచి ఫోన్ అంటే వాళ్లకి అదే మరి. ఏం కాలేదండీ, చాపెల్ అయ్యాక మీ వాడు ఎవరూ చెప్పకుండానే కుర్చీలన్నీ మడిచి పెట్టాడు, ఆ మాట చెబుదామనే చేశాను అన్నాను. అటు నుంచి చాలాసేపు ఏమీ వినబడలేదు. లైన్ కట్ అయిందేమో అనుకున్నా.

"ఇంట్లో కంచం కూడా తియ్యడు మేడమ్" అని నవ్వాడు. ఆ తర్వాత ఇరవై నిమిషాలు మాట్లాడాడు. బస్సు రోజూ ఆలస్యం, చెబితే డ్రైవర్ ఆఫీసుని అడగమంటాడు, ఆఫీసు డ్రైవర్ని అడగమంటుంది. ఆ ఆఫీసు నేనే. సోమవారం పది గంటల్లోపు జవాబు చెబుతానన్నాను.

చిన్న కాగితం మీద ఆయన పేరు, బస్సు నంబరు, "సోమవారం 10" అని రాసి మానిటర్‌కి అంటించి వచ్చాను. కింద పొద్దున్న వచ్చిన ఆవిడ నంబర్ కూడా రాశాను. టీసీలు ఎలాగూ ఇచ్చేశాం. పాపకు భిన్నాలు వచ్చాయన్న సంగతైనా ఆమెకు చెప్పాలి.