గుయ్‌మనే చప్పుడు కావాలన్నది

షార్జా వచ్చి ఏడేళ్లు. లేబర్ కార్డులో నా పేరు కింద 'హెల్పర్' అని ఉంటుంది. చేసేది మాత్రం సౌండ్ పని. స్పీకర్లు మోయాలి, కేబుళ్లు పరచాలి, ఎక్కడైనా గుయ్‌మని వస్తే దాని మూలం పట్టుకుని చంపాలి. పెళ్లయినా, కంపెనీ మీటింగయినా, మనిషి గొంతు తప్ప ఇంకేం వినపడొద్దు.

పోయిన చలికాలం షార్జా పాతబస్తీలో ఒక ప్రోగ్రాంకు పంపారు. ఖోర్‌కు, అంటే ఊళ్లోకి వచ్చిన సముద్రపు పాయకు దగ్గర్లో, పగడపు రాళ్లతో కట్టిన పాత ఇళ్ల మధ్య వాకిలి. నలభై కుర్చీలే వేయమన్నారు. అరబ్బీ సంగీతం అంటే ఈజిప్టు గాయని ఉమ్మె కుల్సూమ్ పాటల్లాంటిదే అనుకున్నా. క్యాంపు పక్క కెఫెటేరియాలో ఈజిప్టు పెద్దాయన రోజూ పెట్టేది అదే కదా.

సౌండ్ చెక్‌కు కైరో అమ్మాయి ఒకామె వచ్చింది. చేతిలో ఊద్ అనే అరబ్బీ తీగల వాద్యం, సంచిలో ల్యాప్‌టాప్. ఊద్ బుర్రకు చొక్కా గుండీ అంత మైకు అంటించి టీకి పోయింది. నేను మిక్సర్ మీద ఫేడర్, అంటే సౌండ్ పెంచే మీట, ఎత్తానో లేదో, గుయ్‌మని మొదలు.

రెండు గంటలు దాని వెంటే పడ్డా. ల్యాప్‌టాప్ చార్జర్ ఒక గోడ ప్లగ్గులో, మిక్సర్ ఎదురు గోడ ప్లగ్గులో. రెండు ఎర్తులూ కలిసి చుట్టు తిరుగుతున్నాయి, అదీ రోగం. రెండింటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇచ్చా. వాద్యాన్ని మిక్సర్‌కు కలిపే డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్, అంటే ఎర్తును విడదీసే బటన్, నొక్కా. లైట్ల డిమ్మర్ పక్క నుంచి పోయే మైకు వైరును అవతలికి జరిపా. చప్పుడు పోయింది. ప్రాణం లేచొచ్చింది.

ఆమె వచ్చి వింది. మొహం మాడిపోయింది. "యా బాష్‌ముహందిస్, అదెక్కడ?"

బాష్‌ముహందిస్ అంటే పెద్ద ఇంజనీరు. ఈజిప్టోళ్లు మెకానిక్కును కూడా అట్లనే పిలుస్తారని తర్వాత తెలిసింది గానీ, ఆ పూటకి ఛాతీ రెండంగుళాలు పొంగింది. నా ఇంగ్లీషు, ఆమె ఇంగ్లీషు కలిస్తే ఒక మనిషికి సరిపోతుంది. దానితోనే చెప్పింది. ఇక్కడి కరెంటు 50 హెర్ట్జ్, కైరోలోనూ అంతే. (మా జగిత్యాలలోనూ అంతే, ఉన్నప్పుడు.) పియానో మెట్ల మీద ఆ చప్పుడును వెతికితే 'జి' మెట్టుకు కొంచెం పైన, రెండు మెట్ల సందులో పడుతుంది. తమ మఖామ్‌ల, అంటే మన రాగాల్లాంటి వాటి, స్వరాలు కొన్ని కూడా అట్లా సందుల్లోనే ఉంటాయట. 1932లో కైరోలో పెద్ద సభ పెట్టి, స్థాయిని 24 సమాన ముక్కలు చేద్దామా అని వాదించుకున్నారట. ఊద్‌కు వీణకున్నట్టు మెట్లుండవు కాబట్టి దానికి ఆ గొడవే లేదు. "అందుకే నీ చప్పుడు నాకు కావాలి" అంది.

నా చప్పుడట! ప్లగ్గులన్నీ పాత చోట్లకే మార్చా. రాత్రి ఆమె కింది తీగను ఆ గుయ్‌కే శ్రుతి చేసి నలభై నిమిషాలు వాయించింది. మొదటి పది నిమిషాలు ఆవులించా. తర్వాత రూములో ఆరుగురం పడుకునే ఏసీ మోత గుర్తొచ్చింది. అది ఆగితేనే మాకు మెలకువ వస్తుంది. ఆమె తర్వాత ఇనుప రేకు గీకిన ఆయన మాత్రం నాకు నచ్చలేదు. రేకుల షెడ్లు వేసినోళ్లకు అది కొత్తేం కాదు.

మర్నాడు చీకట్లో ఒక పాత రికార్డు వినిపించారు. హలీమ్ అల్ దబ్ అనే ఈజిప్టు ఆయన 1944లో చేసింది. అది టేపు కాదు, ఉక్కు తీగ మీద రికార్డు చేసే మిషను. రేడియో స్టేషన్ నుంచి దాన్ని తెచ్చుకుని, 'జార్' అనే ఆడవాళ్ల తంతును పట్టి, గొంతుల్లో అసలు స్వరం తీసేసి ప్రతిధ్వని మిగిల్చాడట. ప్యారిస్‌లో పియరీ షఫేర్ అనే ఆయన ఇట్లాంటిది మొదలుపెట్టింది 1948లో. జార్ అంటే ఏమిటని ఆమెనడిగా. ఒంట్లోకి వచ్చినదాన్ని డప్పులతో శాంతింపజేసేదట. ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది. ఎల్లమ్మ పండుగలో బైండ్లాయన జమిడిక తీగను లాగి వదులుతుంటే మా మేనత్తకు పూనకం వచ్చేది. తీగ బిగిసే కొద్దీ ఆమె గొంతు పైకి పోయేది. చిన్నప్పుడు అమ్మ కొంగు వెనక దాక్కునేవాణ్ని. ఇక్కడ జనం కళ్లు మూసుకుని వింటున్నారు.

నెలాఖరుకు ఓవర్‌టైం లెక్క చూస్తే ఆ రెండు గంటలు లేవు. మలయాళీ ఫోర్‌మన్‌ను హిందీలో అడిగా.

"తీసినవు, మళ్లీ పెట్టినవు. పనెక్కడ జరిగింది భాయ్?" అన్నాడు.