చాప, దుప్పటి, తొమ్మిది గంటల నాటకం

నాటకం టికెట్ కొన్నాక మొదట మా పెద్దమ్మకే ఫోన్ చేశాను. అప్పటికి నేను బెంగళూరులో ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు, 2013 అది, జీతంలో సగం పీజీ హాస్టల్‌కే పోయేది. కన్నడం అంటే బస్సులో కండక్టరుతో మాట్లాడేంతే వచ్చు. ఆఫీసులో నా పక్క సీటావిడది శివమొగ్గ. 'మలెగళల్లి మదుమగళు' (కొండల్లో పెళ్లికూతురు) నాటకం చూడకుండా ఈ ఊళ్లో ఎట్లా ఉంటావు అని రోజూ ఒకటే పోరు పెట్టేది. జ్ఞానభారతి దాటాక మల్లత్తహళ్లిలో ఉన్న కళాగ్రామలో, ఆరుబయట, రాత్రి ఎనిమిదిన్నరకి మొదలుపెడితే తెల్లారేదాకా సాగుతుందట, నిండా పాటలేనట. టికెట్ మాత్రం శనివారం మల్టీప్లెక్స్‌లో సినిమా కంటే తక్కువ.

పెద్దమ్మ ఉండేది రాజాజీనగర్‌లోనే గానీ పెరిగింది మదనపల్లె దగ్గర పల్లెలో. చిన్నప్పుడు తెల్లవార్లూ పద్య నాటకాలు చూసిన మనిషి. "రాత్రి నాటకానికి వట్టి చేతులతో పోతారా ఎక్కడన్నా? చాప, దుప్పటి నేను తెస్తా, నువ్వు స్వెట్టర్ మర్చిపోకు" అంది. పగలు ఎంత ఎండ కాసినా ఆ చెట్ల మధ్య నడిరాత్రి దాటాక ఒళ్లు వణుకుతుందని ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

కన్నడ మహాకవి కువెంపు 1967లో రాసిన పెద్ద నవల అది. కె.వై. నారాయణస్వామి నాటకంగా మలిచారు, సి. బసవలింగయ్య దర్శకత్వం, హంసలేఖ సంగీతం. ముందు 2010లో మైసూరులోని రంగాయణ అనే నాటక సంస్థలో వేశారు, తర్వాత బెంగళూరు వచ్చింది. తొమ్మిది గంటల నాటకం, నాలుగు వేదికలు. ఒక వేదిక మీద ఒక భాగం అయిపోగానే మనం లేచి చెట్ల మధ్యలోంచి నడుచుకుంటూ ఇంకో వేదిక దగ్గరికి వెళ్లాలి. కర్ణాటక పడమటి కనుమల్లోని మలెనాడు అడవుల కథని అలా చీకట్లో నడుస్తూ చూడటం ఎలా ఉంటుందో నేను అంతకుముందు ఊహించలేదు.

మొదటిసారి మారేటప్పుడే తెలిసింది, కుర్రాళ్లు పరిగెత్తి ముందు కుర్చీలు పట్టేస్తారని. నాకు టెన్షన్ మొదలైంది. పెద్దమ్మ మాత్రం నిదానంగా నడుచుకుంటూ వచ్చి, కుర్చీల వరసలకి ముందు, నటులు వచ్చిపోయే దారి పక్కన నేల మీద చాప పరిచేసింది. ఆ రాత్రి మాకు దొరికిన అన్నిటికంటే మంచి చోటు అదే. మా వెనక చీకట్లోంచి ఒక గుంపు పాడుకుంటూ వచ్చి మమ్మల్ని దాదాపు ఒరుసుకుంటూ వెళ్లింది, వాళ్లు పాట మధ్యలో ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది. ఒకామె చీర కుచ్చిళ్లు నా మోకాలికి తగిలాయి. ఆమె అరికాళ్లకి అంటిన ఎర్రమట్టి మా చాప అంచు మీద రాలింది. పెద్దమ్మ చిత్రాన్నం డబ్బా చటుక్కున ఒళ్లోకి లాక్కుని వాళ్లకి దారిచ్చింది, కళ్లు మాత్రం వాళ్ల మీదనుంచి తిప్పలేదు.

భాష సంగతి చెప్పాలి. మలెనాడు యాస కాబట్టి నాకు మాటల్లో సగం అర్థం కాలేదు. కానీ పక్క సీటావిడ మధ్యాహ్నం భోజనాల దగ్గర కథంతా చెప్పి పంపింది. గుత్తి, తిమ్మి ఒక జంట, ఐత, పీంచలు ఇంకో జంట, ముకుందయ్య, చిన్నమ్మ మరో జంట. ఇంత తెలిస్తే చాలు, మిగతాది పాటలూ కథ చెప్పే జోగులూ చూసుకుంటారు. ఇష్టం లేని పెళ్లి తప్పించుకుని చిన్నమ్మ రాత్రివేళ అడవిలోకి వెళ్లిపోయే చోట నాకు ఒక్క మాట కూడా అక్కర్లేకపోయింది. నేనూ అదే చీకట్లో కూర్చున్నాను కదా. పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఖర్చు చూస్తే ఇద్దరికీ కలిపి 500 దాటలేదు, టికెట్లు, బస్సు, రెండుసార్లు టీ అన్నీ కలిపి. తెల్లారేదాకా సాగే నాటకంలో ఇంకో లాభం కూడా ఉంది, అర్ధరాత్రి ఆటోవాడు అడిగినంత ఇవ్వక్కర్లేదు. బయటికొచ్చేసరికి మెజెస్టిక్ బస్టాండుకి వెళ్లే బస్సు సిద్ధంగా ఉంటుంది.

ఇదంతా మళ్లీ ఎందుకు గుర్తొచ్చిందంటే, లండన్‌లో ఉండే మా చిన్నాన్న కూతురు 2023లో అక్కడి బ్రిడ్జ్ థియేటర్‌లో 'గైస్ అండ్ డాల్స్' అనే పాటల నాటకం చూసొచ్చి గంటసేపు ఫోన్‌లో చెప్పింది. కింద కుర్చీలన్నీ తీసేశారట, జనం నిలబడే చూడాలి, వాళ్ల మధ్యలోనే వేదికలు పైకి లేచి కిందికి దిగుతాయి. "అక్కా, నువ్వు చూడాలక్కా" అంది. చూడాలనే అనిపించింది. కానీ విమానం టికెట్ కొనేదాకా ఆగక్కర్లేదు, మన చేతిలో ఉన్న డబ్బులకే నాటకం మధ్యలోకి వెళ్లి కూర్చోవచ్చు అని నా గట్టి నమ్మకం. జేపీ నగర్ రంగ శంకరకి వెళ్లండి. కన్నడ నటుడు, దర్శకుడు శంకర్ నాగ్ జ్ఞాపకార్థం ఆయన భార్య అరుంధతీ నాగ్ 2004లో మొదలుపెట్టిన థియేటర్, వేదిక మన ముందే ఉన్నట్టుంటుంది. టైముకి మాత్రం వెళ్లాలి, ఆలస్యమైతే ఎంత బతిమాలినా లోపలికి రానివ్వరు. ఈ ట్రాఫిక్‌లో గంట ముందే బయల్దేరడం నయం. వానాకాలంలో కరావళి (కర్ణాటక తీరం) యక్షగాన బృందాలు బెంగళూరు వస్తాయి, రవీంద్ర కళాక్షేత్రలో రాత్రంతా ఆడతాయి. కథ పాడి నడిపే భాగవతుడి పాట, చండె అనే డోలు మోత ముందు వరసలో కూర్చుంటే గుండెలో మోగుతాయి. వెనక సీట్లో కూర్చుని ఫోన్ చూసుకోవడానికైతే వెళ్లకండి, దయచేసి.

ఈసారి యక్షగానానికి పెద్దమ్మని తీసుకెళ్తున్నాను. ఇప్పుడు మోకాళ్ల నొప్పులు, అయినా అడగ్గానే సరే అంది. చాప తీసుకురానా అని అడిగింది. అక్కడ కుర్చీలే పెద్దమ్మా, చాప పరవనివ్వరు అన్నాను.

"అయితే దుప్పటి పెట్టుకుంటాలే" అంది.